అంచు మీద గాటు

నల్లబడిన వెండి అసలు వెండే కాదని మా బాపుకు చెప్పింది సుదర్శన్ సారు. ఆ మాట తిరిగి ఆయన నెత్తినే పడేదాకా నాకు తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. పోనీలే జమునా, దేవుడు చూసుకుంటాడు అని నాకు చాలామంది చెప్పారు. దేవుడికి సవాలక్ష పనులు. ఈ ఒక్కటీ నేనే చూసుకుందామనుకున్నాను.

మా బాపు పేరు భూమయ్య. మాది మేడిపల్లి. పొలానికి నీళ్లందక మస్కట్ పోయి, అక్కడ ఒక ముసలి ఇంగ్లిష్ సాబ్ ఇంట్లో పద్దెనిమిదేళ్లు తోటపని చేశాడు. ఆ సాబ్‌కు వాళ్ల దేశపు పాత నాణేలంటే పిచ్చి. మిషన్లు రాకముందు, సుత్తెతో కొట్టిన నాణేలు. సాయంత్రం చెట్లకు నీళ్లు పెట్టడం అయ్యాక బాపును పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూపించేవాడట. అంచులు పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నలుపును ముట్టుకోకూడదు. ఆ నలుపు నాణెం వయసు. తోమితే వయసూ పోతుంది, విలువా పోతుంది. సాబ్‌కు తెలుగు రాదు, బాపుకు ఇంగ్లిష్ రాదు, ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలోనే ఈ చదువంతా సాగింది.

వచ్చేసే రోజు సాబ్ ఒక నాణెం బాపు చేతిలో పెట్టాడు. తొమ్మిదివందల ఏళ్ల నాటి వెండి నాణెం. రేకులా పలచన, సరిగ్గా గుండ్రంగా కూడా ఉండదు. ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు దాన్ని కొట్టినవాడి పేరు.

"కింద ఒక అచ్చు, మీద ఒక అచ్చు, నడుమ వెండి బిళ్ల. సుత్తెతోని దెబ్బ కొడితే బొమ్మ పడ్తది. అందుకే ఏ రెండూ ఒక్క తీరుగ ఉండయి" అని బాపు చెప్పేవాడు. మా నాణెం మీద రాజు ముక్కు పడనేలేదు. చెవి కింద, అంచు మీద చిన్న గాటు. ఆ రాజు కాలంలో జనం నాణేల్ని నమ్మక, లోపల వెండి ఉందో లేదోనని కోసి చూసేవారట. రాజుకు విసుగొచ్చి, టంకశాలలోనే గాటు పెట్టి పంపమన్నాడట. ఆ తర్వాత ఒక క్రిస్మస్ పండుగకు, వెండిలో కల్తీ కలుపుతున్నారని నాణేలు కొట్టేవాళ్లను పిలిపించి, వాళ్ల కుడిచేతులు నరికించాడట.

ఆ నాణెం ఇంకా మా చేతికి రాకముందు, నా చిన్నప్పుడు కూడా, బాపు సెలవుకొచ్చినప్పుడల్లా మాకు ఈ రాజు కథే.

"అందరు దొంగలేనా బాపూ?" అని మా అన్న రంజిత్ అడిగేవాడు.

"అందరెట్లయితరు బిడ్డా? రాజు గవన్నీ చూడలే."

అన్న అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయేవాడు. నేను మాత్రం, "మల్ల నాణేలు మంచిగ అచ్చినయా?" అని అడిగేదాన్ని. వచ్చినయనేవాడు బాపు.

ఊళ్లోవాళ్లకు ఇవేమీ పట్టవు. పద్దెనిమిదేండ్లు చెట్లకు నీళ్లు పోస్తే దొర చిల్లర పైస చేతిలో పెట్టి పంపిండని నవ్వేవారు. బాపు దాన్ని అమ్మాలనుకోలేదు. సాబ్ తనకిచ్చింది నిజమైనదేనని తెలిసినవాడి నోట ఒక్కసారి వినాలనుకున్నాడు. ఆయన కోరికల్లా అదే.

అమ్మ పోయాక బాపు జగిత్యాలలో నా దగ్గరికే వచ్చేశాడు. నాది కుట్టుమిషన్ పని. క్లాక్ టవర్ దగ్గరుండే శ్రీవాణి అక్క జాకెట్లు నేనే కుడతాను. ఆమె భర్తే సుదర్శన్ సారు. పాత నాణేల సంఘానికి అధ్యక్షుడు, నాణెం చూసి ధర కట్టడంలో ఆయన మాటకు తిరుగులేదని పేరు. ఇంకేం, బాపుకు ఇస్త్రీ చొక్కా తొడిగించి ఆ ఇంటి మెట్లు ఎక్కించాను.

సారు నాణేన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. చూస్తున్నంతసేపూ ఆయన ఊపిరి తీసుకున్నట్టు కూడా లేదు. తర్వాత భూతద్దం పక్కన పెట్టి, బాపు మీద జాలిపడ్డట్టు ముఖం పెట్టాడు.

"గిది సీసం భూమయ్యా. మ్యూజియంల బయట పిల్లలకు అమ్ముతరు గిసొంటివి. అసలు వెండి గింత నల్లగ ఉండది, చింతపండుతోని తోమితే తళతళ మెరుస్తది. గీ గాటు చూసినవా? ఎవడో కోసి చూసి, దొంగదని తెలిసి పారేసిండు."

"సాబ్ అట్లిచ్చెటోడు గాదు సారు" అన్నాడు బాపు.

"తోటమాలికి గింతకంటె మంచిది ఎవలిస్తరు? ఇంట్ల పెట్టుకుంటే నలుగురు నవ్వుతరు. ఈడ వదిలెయ్. దొంగ నాణెం ఎట్లుంటదో పిల్లలకు చూపిస్త."

బాపు వదిలేశాడు. సిగ్గుతో వదిలేశాడు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు, ఎప్పుడూ పట్టుకునేవాడు కాదు. ఆ రోజు నుంచి మస్కట్ మాట ఆయన నోట రాలేదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు మా వాకిట్లో కూర్చుని ముచ్చట్లు పెడితే లేచి లోపలికి పోయేవాడు. పద్దెనిమిదేళ్ల పాటు తనను మనిషిగా చూసిన ఒకే ఒక్క మనిషి కూడా మోసగాడేనని ఆయన నమ్మాడు. ఒక ముసలాయన బతుకులోంచి పద్దెనిమిదేళ్లు గుంజుకోవడానికి సుదర్శన్ సారుకు పావుగంట కూడా పట్టలేదు.

వానాకాలం అయిపోతుండగా, ఒకరోజు జాకెట్ కొలతకు కాగితం కత్తిరించుకోవడానికి పాత పేపర్ పరిచాను. చేతిలో సుద్దముక్క అట్లాగే ఆగిపోయింది. పేపర్లో సుదర్శన్ సారు నవ్వుతున్నాడు. పక్కన నాణెం ఫోటో, అరచేయంత పెద్దది చేసి వేశారు. రాజుకు ముక్కు లేదు. చెవి కింద గాటు ఉంది. లండన్ వేలంలో కష్టపడి సంపాదించిన అరుదైన వెండి నాణెమని, ఆ గాటే దాని అసలుతనానికి గుర్తని సారు చెప్పినట్టు రాశారు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ పేపర్‌ను మడిచి జాకెట్లో పెట్టుకుని నేరుగా వాళ్లింటికి పోయాను. శ్రీవాణి అక్క చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది.

"మా బాపు నాణెం ఇయ్యున్రి సారు" అన్నాను.

"ఏ నాణెం? నాకిచ్చినట్టు నీ దగ్గర రసీదు ఉన్నదా?" అన్నాడు ఆయన, గొంతు కూడా పెంచకుండా. "మీ నాయిన తెచ్చింది సీసం. ఎప్పుడో పారేసిన. అసలు వెండయితే చింతపండుతోని తోమితే మెరవాలె అని గప్పుడే చెప్పిన గద. ముసలోనికి మతి లేదు, నీకన్న ఉండాలె."

శ్రీవాణి అక్క కప్పులు తీసుకుని లోపలికి పోయింది. నేను మెట్లు దిగాను. బాపుకు పేపర్ చూపించలేదు. నాణెం లేకుండా ఒట్టి మాట తీసుకుపోయి ఏం చేస్తాను? నాణెం కావాలి నాకు. దాంతో పాటు ఆ మనిషి ముఖం వాడిపోవడం కూడా చూడాలి. రెండిట్లో ఏది ఎక్కువ కావాలని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

దీపావళి రోజు శ్రీవాణి అక్క ఫోన్ చేసింది, కొత్త జాకెట్‌కు హుక్కులు కుట్టి పొమ్మని. పోయేసరికి ఆమె హాల్లో, నాణేల ట్రేలు ముందేసుకుని కూర్చుని ఉంది. సారు ఇంట్లో లేడు. హైదరాబాద్ నుంచి నాణేలు కొనే పెద్దమనిషి రైలుకు వస్తున్నాడని, తీసుకురావడానికి కోరుట్ల స్టేషన్‌కు పోయాడట. నాణేలన్నీ లక్ష్మీదేవి ముందు పరిచి పెట్టమన్నాడట, సంఘం వాళ్లనూ పిలిచాడట.

"ఇన్నేండ్లల్ల మొదటిసారి తాళంచెయ్యి నా చేతికిచ్చిండు" అంది అక్క. "కని గిట్ల నల్లగున్నయి దేవి ముందట పెడ్తే మంచిగుంటదా జమునా? కుందులు తోమిన, గిన్నెలు తోమిన. గివి గిట్లనే పెడుదునా?"

ముట్టుకోకు అక్కా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"సారు చెప్పింది యాది లేదా అక్కా?" అన్నాను. "అసలు వెండయితే చింతపండుతోని తోమితే మెరుస్తదట."

అక్క చింతపండు నానబెట్టింది. ఉప్పు కలిపి, పీచుతో తోమడం మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గర కూర్చుని హుక్కులు కుట్టుకుంటూ చూశాను. వందల ఏళ్ల నలుపు చింతపండు నీళ్లలో కలిసి కారిపోయింది. నవాబుల అక్షరాలు, రాజుల ముఖాలు, అన్నీ కొత్త స్టీలు చెంచాల్లా తెల్లగా బయటికొచ్చాయి. నాకు సంతోషమేసింది. దాచుకోవడానికి ఏముంది, కడుపు నిండా సంతోషమేసింది.

చివరి ట్రేలో మా నాణెం ఉంది. అక్క దాన్ని పీచు మీదికి తీసుకుంది.

"గది వద్దక్కా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గాటు చూడున్రి. గది మా బాపు తెచ్చిన సీసం. దేవి ముందట సీసం పెట్టద్దు."

అక్క చెయ్యి ఆగింది. నాణెం వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎప్పుడో పారేసిన అన్నడు గద" అంది మెల్లగా.

"అన్నడు. మీ ముందటనే అన్నడు."

ఆమె నాణేన్ని కొంగుతో కూడా తుడవలేదు. అంచులు పట్టుకుని నా అరచేతిలో పెట్టింది. "పారేసిన దాన్ని ఎవలైనా తీస్కపోవచ్చు" అంది. తర్వాత మిగిలినవి ఇంకాస్త గట్టిగా తోమింది.

బొట్టు పెట్టించుకుని పొమ్మని అక్క అనడంతో సాయంత్రం దాకా ఉన్నాను. అనకపోయినా ఉండేదాన్ని. సంఘం వాళ్లు వచ్చి కూర్చున్నారు. సారు హైదరాబాద్ పెద్దమనిషిని వెంటబెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. పెద్దమనిషి పళ్లెంలోంచి ఒక నాణెం తీసి, అటూ ఇటూ తిప్పి, పసుపు కుంకుమలు అంటిన వేలు రుమాలుకు తుడుచుకున్నాడు.

"నేను చూడటానికొచ్చినవి ఇవి కావండీ" అన్నాడు. చాయ్ కూడా ముట్టకుండా లేచాడు.

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవలు చెప్పిండ్రు నీకు గిట్ల తోమమని?" అన్నాడు భార్యతో.

"మీరే" అంది శ్రీవాణి అక్క. "అసలు వెండయితే తోమితే మెరవాలె అన్నరు గద, జమున ముందట. మెరిసినయి మరి."

అవునంటే నాణేల్ని నాశనం చేసింది ఆయన మాటే. కాదు, నలుపే అసలుదంటే అందరి ముందూ అబద్ధాలకోరు. అప్పుడు ధర్మపురి నుంచి వచ్చిన గంగయ్య అనే పెద్దాయన పళ్లెం మీదికి వంగాడు.

"మా తాత నాణేలు గూడ సీసమే అంటివి గద సారు, నల్లగున్నయని" అంటూ, తెల్లగా మెరుస్తున్న ఒకదాన్ని బయటికి తీశాడు. "గిది మాదే. గీ ఒంకర నాకు ఎరుకే."

నల్లగా ఉన్నన్నాళ్లూ ఎవరిది ఏదో గుర్తుపట్టరని సారు ధీమా కాబోలు. ఇంకెవరో లేచారు. మావీ చూస్తామన్నారు. సారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ముఖాన్ని నేను తీరిగ్గా, తృప్తిగా చూశాను.

తెల్లారి మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబెట్టాను.

"నాణెం ఇయ్యి జమునా. పోలీసు కేసయితది."

"ఏ నాణెం సారు? నాకిచ్చినట్టు రసీదు ఉన్నదా?" అన్నాను. "కేసుకే పోదాం పదున్రి. మీరు లండన్ల కొన్న రసీదు పట్టుకరాండ్రి, నేను మా బాపును పట్టుకస్త."

ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన దగ్గరికి నాణెం తీసుకుపోయేవాళ్లు జగిత్యాలలో లేరు.

లోపలికి పోయి బాపు చెయ్యి చాపమన్నాను. ఆయన నాణేన్ని చూడకుండానే బొటనవేలితో అంచు తడిమాడు. గాటు దగ్గర వేలు ఆగింది. పేపర్ చదివి వినిపించాను.

"సాబ్ నాకు నిజమైనదే ఇచ్చిండు బిడ్డా."

"నిజమైనదే బాపూ."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. సాబ్ ఇంటి దానిమ్మ చెట్ల గురించి, సాబ్ చాయ్‌లో వేసుకునే మూడు చెంచాల చక్కెర గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్ని నెలలకు వింటున్నానో ఆ గొంతు. అంతా అయ్యాక, నాణెం ఎట్లా వచ్చిందని అడిగాడు. చింతపండు దగ్గర నుంచి గంగయ్య దాకా మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"గంగయ్య తాతవి గూడ తోమిండ్రా?"

"తోమిండ్రు."

"నువ్వు చూసుకుంట కూసున్నవా?"

"కూసున్న."

"గాయిన ఏం పాపం జేసిండు బిడ్డా?" అన్నాడు బాపు. "గా రాజు గూడ గంతే. ఎవలు దొంగ, ఎవలు గాదు, చూడలే. అందరి చేతులు నరికిండు."

గంగయ్య ఆ నాణేన్ని కొంగుముడి వేసినట్టు కండువా అంచులో కట్టుకుని పోవడం గుర్తొచ్చింది.

"నాకు చిన్నప్పటి సంది గా రాజే నచ్చిండు బాపూ" అన్నాను.