వెచ్చని షాఫ్టు

మేస్త్రి బొటనవేలికి మైక్రాన్లు తెలుస్తాయని ఆ పంపుల కర్మాగారంలో నమ్మనివారు లేరు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాన్. ఆయన ఇరవై ఏళ్లుగా కొలత పరికరం ముట్టలేదనీ, వేలు రాసి చెప్పిన మాట ఒక్కనాడూ తప్పలేదనీ గేటు కాపలావాడు సైతం చెప్పేవాడు. ఈ కథను పుట్టించినవాడు గ్రైండింగు యంత్రం మీద పనిచేసే ఆయన సొంత బావమరిది. మేస్త్రి మొదట్లో కాదన్నాడు. కాదన్నకొద్దీ అది వినయమన్నారు. దానితో ఊరుకున్నాడు.

ఆ రోజు కూడా ఆయన అందరికంటే గంట ముందే వచ్చాడు. రాత్రి షిఫ్టువాళ్లు వదిలివెళ్లిన పిన్నులూ బుషింగులూ బల్ల మీద ఉన్నాయి. మిగతావారు వచ్చేసరికి ఏ పిన్ను ఏ బుషింగులో దిగుతుందో జతలు కట్టి ఉంచాడు. ఒక్కొక్కదాని మీద దుమ్ము పోయేలా బొటనవేలు రాసి, ఇది దీనికి అని అందించాడు. అందుకున్నవాడు ఆ వేలికేసి భక్తిగా చూశాడు.

అరవైకి చేరువైన మనిషి. భుజాలు ముందుకు వంగాయి. గోళ్ల అంచుల్లోని నలుపు సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేసింది. ఎడమ జబ్బ వారం రోజులుగా లాగుతోంది. డాక్టరుకు చూపించుకోమన్న భార్యతో, ఇనుము మోసిన జబ్బకు నొప్పులు కాక పూలు పూస్తాయా అని నవ్వేశాడు.

పది గంటలకు షాఫ్టు తయారైంది. ఊరికి నీరందించే పంపులో తిరిగే ఇరుసు అది. పాతది విరిగి మూడు రోజులైంది. సగం ఊరు బిందెలతో వీధుల్లో ఉంది. జానెడు మందమున్న ఆ షాఫ్టుకు తొడగవలసిన ఉక్కు చక్రం ఓవెన్‌లో కాగుతోంది. చక్రం రంధ్రం షాఫ్టుకంటే వెంట్రుకవాసి చిన్నది. వేడికి విచ్చుకున్నప్పుడు తొడిగితే, చల్లారి ముడుచుకుని ఇక వదలదు. షాఫ్టు లావైతే చక్రం సగం దారిలో బిగుసుకుంటుంది. సన్నమైతే తిరిగేటప్పుడు జారుతుంది. అంత మందం కడ్డీ స్టోరులో మరొకటి లేదు.

ఇంజనీరమ్మ రెండుసార్లు కొలిచింది. రెండుసార్లూ ఉండదగిన మందం పై హద్దుకంటే పదకొండు మైక్రాన్లు ఎక్కువే. మరో కోత వేయమంది. బావమరిది తిరిగే రాయిని దగ్గరికి జరిపాడు.

మేస్త్రి షాఫ్టు మీద అరచెయ్యి ఆనించాడు.

"రాయి ఆపు."

"లారీ బయట నిలబడి ఉంది బావా."

"నిలబడనీ. దానికేం కాళ్లు నొప్పులా?"

ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చింది. "పదకొండు ఎక్కువుంది మేస్త్రీ. నేనే చూశాను."

"మీరు చూసింది నిజమేనమ్మా. కానీ ఇది వెచ్చగా ఉంది. చల్లారితే తగ్గుతుంది. ఇప్పుడు కోసేస్తే, కోసింది మళ్లీ అతకలేం."

ఆమె యంత్రం వైపు చూసింది. షాఫ్టును చల్లబరచే నీటి ధార దారంలా సన్నబడి ఉంది. గొట్టంలో జల్లెడ ఎప్పుడు పూడుకుపోయిందో ఎవరూ గమనించలేదు. కాగితం మీద లెక్క వేసింది. గదికంటే పది డిగ్రీలు వేడిగా ఉంటే, చల్లారాక ఇరవైమూడు మైక్రాన్లు తగ్గుతుంది. మూడు డిగ్రీలే అయితే ఈ ఎదురుచూపంతా వృథా. తన చెయ్యి ఆనించి చూసింది. వెచ్చదనం తెలిసింది గాని, ఎంతో తెలియలేదు. మేనేజరు ఫోను చేశాడు. మళ్లీ చేశాడు.

"సరే. మీ మాట మీద ఆపుతున్నాను," అంది.

"నా మాట మీద వద్దమ్మా. వేడి మీద ఆపండి."

రెండు గంటలు ఎవరూ కుదురుగా కూర్చోలేదు. బావమరిది తుడిచిన యంత్రాన్నే తుడిచాడు. లెక్క తప్పితే రాయి తిప్పినవాడి ఉద్యోగమే ముందు పోతుందని అతనికి తెలుసు. మేస్త్రి మాత్రం ఎడమ జబ్బ నొక్కుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. ఈలోగా గోరంత మాట క్యాంటీనుకు చేరి కొండంత అయింది. మేస్త్రి వేలు పెట్టి ఇరవైమూడు మైక్రాన్లని లెక్క చెప్పాడట.

పన్నెండున్నరకు ఇంజనీరమ్మ మళ్లీ కొలిచింది. పై హద్దుకు పన్నెండు మైక్రాన్లు లోపల.

క్రేను చక్రాన్ని ఎత్తింది. నిలువుగా బిగించిన షాఫ్టు మీదికి అది మెల్లగా దిగింది. సగం దాకా వచ్చి ఆగినట్టనిపించింది. బావమరిది కళ్లు మూసుకున్నాడు. చక్రం ఆగలేదు. అడుగు మెట్టుకు తగిలి చిన్న చప్పుడు చేసి కూర్చుంది.

"నువ్వెళ్లి తిను. ఇది చల్లారేదాకా నేను చూస్తుంటా," అన్నాడు మేస్త్రి.

బావమరిది తిని, ఆయన కోసం టీ పట్టుకుని వచ్చేసరికి మేస్త్రి గోడకు వీపు ఆనించి, తల పక్కకు వాల్చి ఉన్నాడు. బావా అని చెయ్యి పట్టుకున్నాడు. పక్కనున్న చక్రం ఇంకా వేడిగానే ఉంది. ఆ చెయ్యి చల్లబడింది.

మూడో రోజు, అక్కకు సామాను అప్పగించాలని అతను మేస్త్రి పెట్టె తెరిచాడు. ఇంజనీరమ్మ పక్కన నిలబడింది. అప్పటికే ఊరికి నీళ్లు వస్తున్నాయి. ఆ వేలిని దాచి ఉంచవలసిందని క్యాంటీనులో ఎవరో అన్నారు కూడా. పెట్టెలో ఒక టవలు, ఖాళీ టిఫిను డబ్బా, నూలుగుడ్డలో చుట్టిన, మైక్రాన్లు కొలిచే చిన్న మైక్రోమీటరు ఉన్నాయి. వేళ్లతో తిప్పే చోట, పట్టు కోసం ఆకురాయిలా గరుకుగా చెక్కిన గాట్లు అరిగి అరిగి గాజులా నున్నబడ్డాయి.