వేలిముద్రలు పడని చేతులు

"మీరేం పని చేస్తారమ్మా?" అని అద్దం వెనక కూర్చున్న అమ్మాయి అడిగింది.

"ఏమీ చెయ్యడం లేదు. ఈ దేశంలో పని చేసుకోవడానికే కదా పర్మిట్ అడుగుతున్నాను," అంది ఆమె.

ఆ అమ్మాయి ఆమె కుడి చూపుడువేలిని మళ్ళీ పట్టుకుని గాజుపలక మీద అద్ది, పక్కనున్న తెర వంక చూసి పెదవి విరిచింది. వేలిముద్ర ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఉందంతే, ఒక్క గీత లేదు. తడిగుడ్డతో తుడిచి చూశారు, పొడిగుడ్డతో తుడిచి చూశారు. గట్టిగా నొక్కమన్నారు, కాదు కాదు తేలిగ్గా పెట్టమన్నారు. పదివేళ్ళలో చిటికెనవేళ్ళు రెండూ మాత్రం దయ తలిచాయి.

"ఇటుకలు మోసేవాళ్ళకీ, హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళకీ ఇలా అరిగిపోతాయి," అని ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి. పర్మిట్ రాకుండానే ఎక్కడైనా పనిలో చేరారా? తర్వాత బయటపడితే చాలా గొడవవుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. దేన్ని ముందు పోనివ్వాలో తెలియక రెండింటినీ మింగేసింది. "ఇంట్లోనే," అంది.

"ఇంట్లో పనికి పర్మిట్ అక్కర్లేదులెండి," అని ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. "ఆరు వారాలాగి మళ్ళీ రండి. అప్పటిదాకా సబ్బునీళ్ళలో, బ్లీచింగ్‌లో చేతులు పెట్టకండి. రోజూ నూనె రాయండి, గీతలు పైకొస్తాయి. ఈసారీ పడకపోతే మాత్రం మీ దరఖాస్తు మూసేస్తారు. మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోవాలి."

మొదటినుంచీ అంటే ఏమిటో ఆ అమ్మాయికేం తెలుసు! ఈ దరఖాస్తు పెట్టేనాటికి ఆడపడుచుకు పెళ్ళే కాలేదు. ఇప్పుడు ఆడపడుచు కొడుకు గోడ పట్టుకుని నడుస్తున్నాడు, పగలంతా వాడు ఉండేది ఈమె దగ్గరే. పెళ్ళికి ముందు ఆమె పళ్ళ సెట్లు చేసేది. మైనంతో పన్ను మలిచి, పక్కపంటి రంగులో రంగు కలిపి, నమిలేచోట సన్నటి గుంటలు కూడా చెక్కి పంపేది. ఏది కట్టుడుపన్నో చెప్పడానికి డాక్టర్లే తడబడేవారు. ఇక్కడి పళ్ళ ల్యాబ్ యజమాని ఆమె చేసిన దవడపన్నును వెలుతురులో తిప్పితిప్పి చూసి, "పర్మిట్ రాగానే వచ్చెయ్యండి, కుర్చీ అట్టే పెడతాను," అన్నాడు. పెద్దమనిషి ఇన్నాళ్ళూ మాట మీదే ఉన్నాడు గానీ మొన్న ఫోన్‌లో నసిగాడు. "ఇంకొన్నాళ్ళు చూస్తానమ్మా. నాకూ పని నడవాలి కదా." ఆ కుర్చీ కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. అది పోతే ఈ ఇంట్లోంచి బయటకు ఇంకో దారి ఆమెకు కనబడటం లేదు.

ఇంటికొచ్చి చెబితే భర్త పగలబడి నవ్వాడు. "వేళ్ళు అరిగిపోయేంత పని ఏం చేశావు నువ్వు? మనింట్లో అన్నిటికీ మెషిన్లున్నాయిగా!"

ఉన్నాయి. ఉతికే మెషిన్‌లో తన కొడుకు చొక్కాల కాలర్ల మురికి వదలదని, ముందు చేత్తో రుద్ది వెయ్యాలని చెప్పింది అత్తగారు. గిన్నెలు కడిగే మెషిన్ ఉన్నా అందులో జిడ్డు పోదని, చేత్తో తోమితేనే తోమినట్టని చెప్పింది కూడా ఆవిడే. స్నానాలగది నేల బ్లీచింగ్‌తో రుద్దితేగానీ కాలు పెట్టబుద్ధి కాదనేది భర్త. పిల్లాడి పాలసీసాలు వేడినీళ్ళలో బ్రష్‌తో తోమాలనేది ఆడపడుచు. "వదిన ఖాళీగానే ఉంటుందిగా" అన్న మాట మొదట ఎవరి నోటినుంచి వచ్చిందో గానీ, ఇప్పుడది ఆమెకు ఇంటిపేరైపోయింది. వేళ్ళ చివర్లు పగిలాయని, ఉప్పు తగిలితే కళ్ళవెంట నీళ్ళొస్తున్నాయని ఆమె చెప్పకపోలేదు. "క్రీమ్ రాసుకోవచ్చుగా," అన్నాడు భర్త. "చలికి అందరికీ అంతే," అంది అత్తగారు. ఎద్దు పుండు కాకికి నొప్పా! ఇన్నేళ్ళూ మనిషి చెబితే ఆగని పని, ఆఫీసులో ఉన్న చిన్న గాజుపలక చెబితే ఆగింది. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది.

ఆగడం కూడా ఊరికే ఆగలేదు. ముందు రబ్బరు తొడుగులు వచ్చాయి. వాటిలో చెమటపట్టి వేళ్ళు ఇంకా ఎర్రగా పొక్కాయి, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక గత్యంతరం లేక భర్త సింకు దగ్గర నిలబడ్డాడు. ఆమెకు జీతమొస్తే ఇంకో గది ఉన్న ఇంటికి మారొచ్చని అతని ఆశ. అతను గిన్నెలు తోముతుంటే వంటింట్లో యుద్ధం జరుగుతున్నంత చప్పుడు. తోమిన ప్రతి గిన్నెకూ ఒక సాక్షి కావాలి. "చూశావా, అడుగు కూడా రుద్దాను." ఆమె చూసి "చాలా బాగా తోమారు" అనాలి. తను తోమిన లక్ష గిన్నెలకూ సాక్షి ఎవరని ఆమె అడగలేదు. ఆడపడుచైతే పాలసీసాలు ఇంటికి పట్టుకెళుతూ, "నీ ఉద్యోగం కోసం మేమందరం ఎంత కష్టపడుతున్నామో చూడు వదినా," అని ముద్దుగా నిష్ఠూరమాడింది.

ఆమె మాత్రం వేళ్ళకు నూనె రాసుకుని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది. విశ్రాంతి అనే మాటకు అర్థం తెలిసే అవకాశం వచ్చిందిగానీ అది ఒంటికి పట్టలేదు. ఎదురుగా ఎంగిలి కంచం కనబడితే అరచేతులు జిలపెట్టేవి. తను లేవకూడదు, లేవకపోతే వినకూడని మాటలు వినాలి. ఇంట్లో పని చేస్తే బయట పని పోతుంది, బయట పని కోసం ఇంట్లో పని మానితే దోషి అయిపోతోంది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి వేలికొసలు చూసుకునేది. ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకోటి, వంకరగా, సన్నగా. వాటిని చూసినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చేది.

మళ్ళీ ఆఫీసుకు వెళ్ళవలసిన ముందురోజు, ఆదివారం, భర్త తన ఆఫీసువాళ్ళను భోజనానికి పిలిచాడు. అందరూ తిని, మెచ్చుకుని, వెళ్ళిపోయారు. సింకులో కంచాలు, వాటి మీద గిన్నెలు, వాటి మీద గరిటెలు.

"ఈ ఒక్కపూట నువ్వు కానిచ్చెయ్యి," అన్నాడు అతను సోఫాలో వాలుతూ. "ఒక్కపూటకే గీతలు చెరిగిపోతాయా ఏం?"

ఆమె కదలలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి సింకు దగ్గరకు నడిచింది. ఒక్కో కంచానికీ ఒక్కో "అమ్మా". ఆ మూలుగులు వినలేక ఆమె వెళ్ళి స్వెటర్ చేతులు పైకి మడుచుకుంది.

"తప్పుకోండి అత్తయ్యా, నేను తోముతాను."

అత్తగారు తప్పుకోలేదు. నురగలోంచి చేతులు తీసి, కొంగుకు తుడుచుకుని, ఆమె ముందు చాపింది. "నావి చూడు. మన ఊళ్ళో బ్యాంకు మెషిన్‌లో ఒక్క వేలిముద్రా పడదు. వీడొచ్చి సంతకం పెడితేగానీ నా డబ్బు నాకివ్వరు. మా అత్తగారి చేతులూ ఇంతే, నున్నగా ఉండేవి. సుఖపడ్డ చేతులనుకునేదాన్ని నేను, పిచ్చిముండని."

అని మళ్ళీ కంచం అందుకుంది. ముసలావిడ చేత తోమిస్తున్నందుకు ఆమెకు సిగ్గేసింది, జాలేసింది, వీటన్నిటికంటే ఎక్కువగా భయమేసింది. మడిచిన చేతులు దించుకుని, సోఫా దగ్గరకు వెళ్ళి భర్త భుజం తట్టింది.

"లేవండి. గిన్నెలున్నాయి."

ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. అతను కళ్ళు తెరిచి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, గొణుక్కుంటూ లేచాడు.

మర్నాడు ఆఫీసులో అదే అమ్మాయి. వేలు తర్వాత వేలు పెట్టించుకుంది. తెర మీద గీతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, పదివేళ్ళవీ. "అన్నీ పడ్డాయండీ. మీ పని అయిపోయింది," అంది ఆ అమ్మాయి. పర్మిట్ ఎప్పుడొస్తుందంటే భుజాలెగరేసింది. "అది పైవాళ్ళ చేతిలో ఉంది. వచ్చినప్పుడు వస్తుంది." ల్యాబ్ యజమానికి ఫోన్ చేస్తే, "సరేనమ్మా, ఇంకాస్త చూస్తాను," అన్నాడు. ఆ ఇంకాస్త ఎంతో ఆయనా చెప్పలేదు. ఆమె బస్సులో దారి పొడవునా వేళ్ళు చూసుకుంటూనే వచ్చింది.

సాయంత్రం భర్త వంటింట్లోంచే అరిచాడు. "పడ్డాయా?"

"పడ్డాయి."

"హమ్మయ్య! నాకు విడుదల," అని నవ్వుతూ అతను నురగ కారుతున్న స్పాంజి ఆమె ముందుకు చాపాడు. పర్మిట్ వచ్చిందా, కుర్చీ ఉందా, ఊడిందా అని అడగనేలేదు. సింకులో పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి, ఆమె వచ్చేదాకా ఆపినట్టున్నాడు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పర్మిట్ చేతికొచ్చేదాకా ఎప్పుడైనా మళ్ళీ పిలుస్తారట," అంది నెమ్మదిగా. "ఉద్యోగంలో చేరాక కూడా అప్పుడప్పుడూ వేళ్ళు చూస్తారట. ఎప్పటికీ ఇలాగే ఉంచుకోమన్నారు."

"ఎప్పటికీనా?" అన్నాడు అతను నీరుగారిపోయి.

అత్తగారు కోడలి ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "విన్నావుగా. ముందు ఆ మూకుడు నానబెట్టు," అంది.

ఆఫీసులో ఆ మాట ఎవరూ అనలేదు.