రెండు సీట్లకి ఒక కర్చీఫ్

హైమావతి తరగతి గదికి ఇవాళ పడమటి గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట రేపు ఉంది.

రేపు చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. కాస్త ఎండ, కాస్త దుమ్ము, ఎవరో కడిగి వదిలేసిన గచ్చు. నల్లబల్ల ఇన్నాళ్ళూ ఆ గోడకే ఉండేది కాబట్టి, దాన్ని తూర్పు గోడకి మార్పించి పిల్లల్ని అటు తిరిగి కూర్చోమంటుంది హైమావతి. పిల్లలంటే నిజంగా పిల్లలు కారు. బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు, నర్సు ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు, సేల్స్‌మన్ ఇంటర్వ్యూల్లో నోరు పెగలనివాళ్ళు. కాకినాడ సందులో, టిఫిన్ హోటలు మీది మేడలో నడిచే ఈ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో గడ్డాలొచ్చినవాళ్ళు కూడా పిల్లలే.

ఇవాళ్టి పాఠం భవిష్యత్తు. గోడ తీసేసింది అందుకేనేమో అనుకుంటుంది. పెళ్ళికి పందిరి వేసేటప్పుడు అడ్డొచ్చిన సామాను తీసేయరూ, అలాగే ఇదీ.

ఇంగ్లిషులో రేపటికి ఒక్కటే మాట లేదు, ఉన్నవాటిలోంచి ఏరుకోవాలి అని ఎప్పటిలాగే మొదలుపెడుతుంది. తలుపు కొడితే నేను తీస్తా అని లేచినట్టు, అప్పటికప్పుడు అనుకున్నదానికి విల్. మాట ఇవ్వడానికీ విల్లే. ముందే మనసులో గట్టిగా అనుకున్నదానికీ, మబ్బు పట్టి వాన ఖాయమని కళ్ళకి కనబడుతున్నదానికీ గోయింగ్ టు. ఇంకొకరితో మాట్లాడుకుని, ఏర్పాట్లన్నీ చేసేసుకున్నదానికి ఇంగ్. ఐ యామ్ లీవింగ్ టుమారో అన్న మనిషి పెట్టె సర్దేసి ఉంటుందర్రా, అంటుంది. ఈ పాఠం ఆమెకి కొట్టిన పిండి.

పెట్టె అన్న మాట వినబడగానే రేపటిలోంచి ఒక బస్సు వచ్చి మేడ అంచున ఆగుతుంది. పల్లెవెలుగు బస్సే, కిటికీ ఊచల్లో ఒకటి వంగి ఉంది. పిల్లలు పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని లేస్తారు.

కండక్టరు మెట్టు మీద నిలబడి, ముందువి విల్ సీట్లు, మధ్యవి గోయింగ్ టు, వెనకవి ఇంగ్, చూసుకుని ఎక్కండి అని చెబుతున్నాడు. ముందు సీట్లు కొత్తగా, మెత్తగా ఉన్నాయి; వాటికి వీపు ఆనించే భాగం మాత్రం లేదు. మధ్య సీట్ల మీద టాపులోంచి చినుకులు పడుతున్నాయి, అక్కడివాళ్ళు గొడుగులు వేసుకుని కూర్చున్నారు. వెనక సీట్ల కింద సామాన్లు అప్పటికే సర్ది ఉన్నాయి.

హైమావతికి వెనక సీట్లే కావాలి. తనకొకటి, మణిమాలకొకటి.

మణిమాల గురించి చెప్పాలి. సామర్లకోటలో వీళ్ళవి పక్కపక్క వాటాలు. ఇద్దరూ ఒకే బస్సులో కాకినాడ వస్తారు, ఒకే సెంటర్లో పాఠాలు చెబుతారు, ఒకే క్యారేజీ విప్పుకుని తింటారు. మణిమాల ఎప్పుడూ ఆలస్యమే. అందుకని బస్సు ఆగీ ఆగకముందే హైమావతి కిటికీలోంచి తన నీలంగళ్ళ కర్చీఫ్ విసిరి రెండు సీట్లు ఆపుతుంది. ఊళ్ళో ఎవరు ఎవరిని తిట్టుకున్నా, కొట్టుకున్నా, కర్చీఫ్ వేసిన సీటు జోలికి మాత్రం వెళ్ళరు. మణిమాల ఆయాసపడుతూ ఎక్కి, ఆ కర్చీఫ్‌ని తీరిగ్గా నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇస్తుంది. ఏది చేతికొచ్చినా నాలుగు మడతలు పెట్టడం ఆమెకి అలవాటు.

ఇద్దరూ కలిసి సొంతంగా ఒక సెంటరు తెరవాలని ఏళ్ళుగా అనుకుంటున్నారు. గడియారాల షాపు మీది మేడ కూడా చూసి పెట్టుకున్నారు. హైమావతి ఎప్పుడు కదిపినా మణిమాల నవ్వి, వుయ్ విల్ ఓపెన్ హైమా, వుయ్ విల్, అంటుంది. ఆ మాటతో హైమావతికి కడుపు నిండిపోతుంది. పెళ్ళి సంబంధం వస్తే కూడా, సెంటరు తెరిచాక చూద్దాంలే అని తిప్పి పంపించిన మనిషి ఆమె.

ఇవాళ మణిమాల రాలేదు. ఒళ్ళు వెచ్చగా ఉందే, రేపు వస్తాలే అని పొద్దున ఫోను చేసింది. రేపు ఇదిగో ఎదురుగానే ఉంది కాబట్టి హైమావతి గది అంచుకి నడిచి, పాదం వేళ్ళ మీద లేచి, వంగిన ఊచ సందులోంచి కర్చీఫ్ విసురుతుంది. అది వెనక సీటు మీద సరిగ్గా పడుతుంది. అంతటి గురి సామర్లకోట బస్టాండులో ఇంకెవరికీ లేదు.

తర్వాత ఎక్కుతుంది. బస్సు లోపల బయటికన్నా పొడుగు. ముందు సీట్ల పక్కనుంచి నడుస్తుంటే కూర్చున్నవాళ్ళు వెనక్కి వాలబోయి మళ్ళీ సర్దుకుంటున్నారు. వాన సీట్ల దగ్గర ఆమె జాకెట్టు తడుస్తుంది. చేతులకున్న సుద్ద పాలలా కారిపోతుంది. బస్సు సామర్లకోట దాటి, కాకినాడ దాటి, మళ్ళీ సామర్లకోట దాటాక వెనక సీట్లు వస్తాయి.

కిటికీ పక్క మణిమాల కూర్చుని ఉంది. ఆమె పక్కన ఉషశ్రీ. ఉషశ్రీ నిరుడు సెంటర్లో చేరిన కొత్త టీచరు. సుద్దముక్క విరిగిపోకుండా రాయడం దగ్గర్నుంచీ ఆమెకి నేర్పింది హైమావతే. ఇద్దరి మధ్యా క్యారేజీ విప్పి ఉంది. గుత్తొంకాయ కూర. మణిమాల తినేసి, నీలంగళ్ళ కర్చీఫ్‌తో చేతులు తుడుచుకుంటోంది.

ఒళ్ళు వెచ్చగా లేదు. ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

"అది నా కర్చీఫ్ మణీ," అంటుంది హైమావతి.

"నీదే. ఎవరు కాదన్నారు?" అంటుంది మణిమాల. "రెండు సీట్లకి వేశావు. రెండూ నిండాయి. వేసినవాళ్ళే కూర్చోవాలని ఎక్కడైనా ఉందా? ఇన్నేళ్ళూ నువ్వు వేస్తే నేను కూర్చోలేదూ?"

కండక్టరు తల ఊపుతాడు. న్యాయం మణిమాల వైపే ఉందన్నట్టు చుట్టుపక్కలవాళ్ళూ తలలు ఊపుతారు. సీటు కింద ఒక బోర్డు తలకిందులుగా ఉంది, దాని రంగు ఇంకా ఆరలేదు. హైమావతి వంగి చదువుతుంది. మణి - ఉష స్పోకెన్ ఇంగ్లిష్, గడియారాల షాపు పైన. కింద పూలదండ, కొబ్బరికాయలు, ప్రారంభానికి కావలసినవన్నీ సర్ది ఉన్నాయి.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. సామెత గుర్తొస్తుంది గాని నోట్లోంచి రాదు. ఆమెకి ఏడుపు కూడా రాదు. గుండెల్లో మాత్రం ఎవరో ఒక కుర్చీ లాగేసినట్టు ఉంటుంది.

"నీకు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదే," మణిమాల మెల్లగా అంటుంది. "నీ దగ్గర అన్నీ విల్‌లోనే అన్నాను. ఒక్కసారైనా ఇంగ్ వాడానా, గుర్తు తెచ్చుకో. పిల్లలకి రోజూ ఆ తేడా చెప్పేది నువ్వే కదా."

"నావాళ్ళు మాట్లాడుతుంటే వ్యాకరణం చూస్తానా మణీ?"

మణిమాల వేళ్ళ సందుల్లోని నూనె కూడా కర్చీఫ్‌తో తుడుచుకుంటుంది. ఉషశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తుంది. పాపం, ఆ పిల్లకి కాస్త సిగ్గుగానే ఉంది.

హైమావతి కర్చీఫ్ అంచు పట్టుకుని లాగుతుంది. తనది తను తీసుకుని దిగిపోదామని అంతే. అది రాదు. గట్టిగా లాగితే తన భుజమే నొప్పెడుతుంది. నీలం గళ్ళు మణిమాల చేతిలోంచి బయలుదేరి, హైమావతి వేళ్ళ మీదుగా, మణికట్టు మీదుగా, మోచేతి దాకా పాకి ఉన్నాయి. ఏది ఎక్కడ మొదలైందో కుట్టు కనబడదు.

"ఉండు, నలిగిపోతావు," అంటుంది మణిమాల.

హైమావతి అరచేతిని తీసుకుని ఒళ్ళో పరిచి, సాఫు చేసి, మధ్యకి మడుస్తుంది. తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం. నొప్పి లేదు. అంత ఆప్యాయంగా మణిమాల ఆమెని ముట్టుకుని చాలా రోజులైంది. నడుము దగ్గర ఒక మడత, మోకాళ్ళ దగ్గర ఒక మడత. మొత్తం నాలుగు మడతలై, హైమావతి మణిమాల ఒళ్ళో తేలిగ్గా ఉంది. ఒక మూల వంకాయ నూనె మరక ఉంది.

బస్సు గడియారాల షాపు ముందు ఆగుతుంది. షాపులోని గడియారాలన్నీ ఒకేసారి కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడు చేస్తాయి. మణిమాల లేచి, బోర్డు ఉషశ్రీ చంకకిచ్చి, దండ తను పట్టుకుని, తను లేచిన సీటు మీద హైమావతిని పరుస్తుంది. గాలికి ఎగిరిపోకుండా ఒకసారి అరచేత్తో అద్దుతుంది.

"ఐ విల్ కమ్ బ్యాక్ హైమా," అని దిగిపోతుంది.

మళ్ళీ బస్సు కదులుతుంది. ఊరూరా జనం ఎక్కుతున్నారు, బస్సు కిటకిటలాడుతోంది. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు వెనక సీటు దాకా వచ్చి, ఇదెవరిదండీ అని అడుగుతున్నారు. కర్చీఫ్ వేసుందండీ, ఒకావిడ వస్తానన్నారు అని కండక్టరు అందరికీ మర్యాదగా చెబుతున్నాడు. ఎవరూ దాన్ని కదపరు.

ఎక్కడో వెనక, గోడ లేని గదిలో మిగిలిపోయిన పిల్లల గొంతులు ఆమె పాఠాన్ని కలిసి వల్లిస్తున్నాయి. అప్పటికప్పుడు అనుకున్నదానికి విల్. మాట ఇవ్వడానికీ విల్లే.

కిటికీలోంచి గాలి విసురుగా కొడుతోంది. హైమావతి తన నాలుగు మూలలతోనూ సీటుని గట్టిగా పట్టుకుంటుంది.