శుక్రవారం క్యారియర్

వారానికి ఇక నాలుగు రోజులే పని, శుక్రవారం కూడా సెలవే అని మా యూనివర్సిటీ ప్రకటించినప్పుడు పరీక్షల విభాగంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మార్కుల జాబితాలు సరిచూసి సరిచూసి నా మెడ ఒక పక్కకి వాలిపోయింది మరి. ఇకమీదట శుక్రవారాలన్నీ ఇంటావిడకే అంకితం అనుకున్నాను. ఆ మాటే ఆవిడతో అంటే, "అలాగా" అని స్టవ్ మంట తగ్గించింది. సంతోషం పట్టలేక మాట రావడం లేదనుకున్నాను. నా తెలివి అలాంటిది.

మొదటి శుక్రవారమే వంటింట్లో దూరాను. డబ్బాలన్నీ కిందికి దించి, మా విభాగంలో ఫైళ్లు సర్దినట్టు అక్షర క్రమంలో పేర్చి, మూతలకి చీటీలు అంటించాను. కూరలు ఎలా తరగాలో కూడా చెప్పాను. ఆవిడ ఎదురు చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మధ్యలో మేడ మీదావిడా, ఎదురింట్లో ఉండే టైలరమ్మా గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, "తర్వాత వస్తాంలెండి" అని వెనక్కి తిరిగారు. "రండమ్మా, నేనేమన్నా పులినా?" అన్నాను. అయినా రాలేదు.

తర్వాతి శుక్రవారం, సాయంత్రం దాకా రానని చెప్పి, కళ్లజోడు బాగు చేయించుకోవడానికి బయల్దేరాను. తీరా వెళ్తే షాపు మూసి ఉంది. అక్కడా ఇక్కడా కాసేపు తిరిగి ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే, లోపలినుంచి నా గొంతు వినిపించింది.

"పప్పు డబ్బా తర్వాత ఉప్పు డబ్బా ఏమిటోయ్? 'ప' తర్వాత 'ఉ' వస్తుందా? మా ఆఫీసులో ఇలాగే చేస్తే పిల్లల గతేం కాను?"

ముక్కుతో తీసే దీర్ఘంతో సహా నేనే. మేడ మీదావిడ, "ఇంకోసారి! ఆ దగ్గు కూడా!" అని బతిమాలుతోంది. మా ఆవిడ దగ్గింది. అది అచ్చం నా దగ్గే. ఆ వెంటనే తనూ నవ్వింది, పొట్ట చెక్కలయ్యేలా. ఇన్నేళ్ల కాపురంలో ఆ నవ్వు నేనెన్నడూ వినలేదు.

మొదట ఒళ్లు మండింది. తలుపు ధడాలున తోసెయ్యాలని చెయ్యెత్తాను. అప్పుడే టైలరమ్మ అడిగింది.

"నాకు కొట్టు సెలవుండేది ఈ ఒక్కరోజే. ఇక మన శుక్రవారాలు లేనట్టేనా అక్కా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఏం చేస్తాం. ఆయన రిటైరవ్వడానికి ఇంకా ఐదేళ్లుంది కదా అని ధైర్యంగా ఉన్నాను," అంది మా ఆవిడ. "ముందే వచ్చేశారు."

కోపంగా అన్నా బాగుండేది. బయట వాన పడుతోంది అన్నట్టు మామూలుగా అంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, సొంతింటి మెట్లు దొంగలా దిగాను.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూనే చెప్పేశాను. "ఏమోయ్, మా విభాగానికి శుక్రవారం సెలవు తీసేశారు. పరీక్షలు కదా."

"అయ్యో!" అంది. నోరు అయ్యో అంది గానీ ముఖాన్ని దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. మా పెళ్లి ఫోటోలో కూడా అంత వెలుగు లేదు. "పోనీలెండి, మనసు కష్టపెట్టుకోకండి," అని నన్నే ఓదార్చింది.

శుక్రవారం పొద్దున్నే కూనిరాగం తీస్తూ క్యారియర్ కట్టింది. గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది కూడా.

విభాగానికి తాళం వేసి ఉంది. వెనక మెట్ల మీద కూర్చుందామని వెళ్తే, అక్కడ మా సూపరింటెండెంటుగారు ఒళ్లో క్యారియర్ పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి గతుక్కుమన్నారు. క్యారియర్ వెనక్కి దాచబోయి, నా చేతిలోదీ చూసి ఆగిపోయారు.

"ఇంట్లో ఏమని చెప్పొచ్చావ్?" అని అడిగారు.

"పరీక్షలని."

"నేను ఆడిటన్నాను," అంటూ పక్కకి జరిగి చోటిచ్చారు.

క్యారియర్ విప్పాను. గిన్నె గిన్నెలోనూ నాకిష్టమైనవే పెట్టింది.