ఒప్పుకునే పాఠం

మా ఆయన పియానోలు శ్రుతి చేస్తారు. ఇరవై నాలుగేళ్లు ఒకే షాపులో, వెనక గదిలో, ఒకే స్టూలు మీద కూర్చుని ఆయన చేసిందల్లా తప్పు పట్టుకోవడమే. పియానోలో చాలా మెట్లకి లోపల మూడేసి తీగలుంటాయి. మూడూ ఒక్కటిగా పలకాలి. వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి వదులైనా స్వరం వణుకుతుంది. మామూలు చెవికి అది తెలియదు, ఆయనకి తెలుస్తుంది. తెలిశాక ఊరుకోవడం ఆయన వల్ల కాదు.

నా ఉద్యోగం దానికి సరిగ్గా ఎదురు. పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో ముందు బల్ల నాది. పది గంటలకి రమ్మన్న మనిషి పదకొండుకి వచ్చి "నేను ముందే వచ్చాను, మీరే ఆలస్యం చేశారు" అంటాడు. "నిజమేనండీ, కూర్చోండి" అంటాను. పొద్దున్నించి సాయంత్రం దాకా అలాగేనండీ, తప్పకుండానండీ, మీరన్నట్టేనండీ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా జీతం ఆ మంచి నోటికే ఇస్తున్నారు.

ఇంట్లో మాత్రం ఆయనతో నా పని అంత తేలిగ్గా లేదు. చీర బాగుందా అంటే బాగుంటేనే బాగుందంటారు. మా అక్క పిల్లలు ఆయనకి 'కాదు బాబాయ్' అని పేరు పెట్టారు. మా అత్తగారైతే, "వీడికి మాటలు రావడమే 'కాదు'తో వచ్చాయమ్మాయ్, అమ్మా అని ఆ తర్వాత ఏడాదికి గానీ అన్లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను ఆయన్ని తిట్టుకున్న రోజులు బోలెడు. కానీ ఆయన ఔనన్నారంటే అది ఔనే. ఇంకెవర్నీ అడగక్కర్లేదు. ఆ ధీమా మీద ఎంత హాయిగా బతికానో అప్పట్లో నాకు తెలియలేదు.

షాపు పెద్దాయన పోయాక వాళ్ల పిల్లలు దాన్ని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. కొత్తవాళ్లు గోడలకి తెల్ల రంగు వేయించి, అద్దాల గదులు కట్టించి, పనివాళ్లందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. పది రోజుల్లో ఒక్కొక్కరూ మేనేజరుతో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. మాట్లాడలేనివాళ్లని ఉంచరు. మా ఆయనకి వచ్చిన అంశం: సంగీతంలో ఇష్టాయిష్టాల గురించి వచ్చినవాళ్లతో మాట్లాడటం, వాళ్లతో ఏకీభవించడం. కింద పది వాక్యాలు అచ్చువేసి ఉన్నాయి. మీ టూ. సో డూ ఐ. నైదర్ డూ ఐ. యూ ఆర్ యాబ్సల్యూట్‌లీ రైట్. ఇలా.

ఆయనకి యాభై రెండు. ఇంకో పని రాదు. ఊళ్లో ఇంకో పియానో షాపు లేదు. కాగితం నా చేతిలో పెట్టి, "నా పని చెవితో కదా, వీళ్లు నోటికి పెడుతున్నారేమిటి పరీక్ష" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

నాకు మాత్రం కాగితం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకోవడమేగా. ఆ విద్యలో నన్ను మించినవాళ్లెవరు? ఆయన్ని గట్టెక్కించే బాధ్యత నేను తలకెత్తుకున్నాను.

రోజూ పొద్దున్న వంటింట్లో పాఠం. నేను పొయ్యి దగ్గర, ఆయన బల్ల దగ్గర, అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తూ. పాఠంలో నేను పియానో కొనడానికి వచ్చినదాన్ని.

"ఐ లవ్ లౌడ్ మ్యూజిక్" అన్నాను మొదటి రోజు.

ఆయన ఆలోచించారు. "నాకిష్టం లేదే."

"మీ ఇష్టం ఎవరడిగారండీ? సో డూ ఐ అనండి."

"అబద్ధం కదా."

"అబద్ధం కాదు, మర్యాద. నేను రోజుకి నలభైసార్లు అంటాను. నా కళ్లేమైనా పోయాయా?"

అత్తగారు చిక్కుడుకాయ ఒలవడం ఆపింది. "అంటే ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనాలి, అంతేనా అమ్మాయ్?"

"అంతే అత్తయ్యా. తానా అంటే తందానా అనాలి. దానికే ఉద్యోగం."

"అయితే వీడివల్ల కాదులే" అని ఆవిడ మళ్లీ చిక్కుళ్లలో పడింది.

నాలుగో రోజుకి మాటలు వచ్చాయి గానీ మొహం రాలేదు. సో డూ ఐ అంటూ కనుబొమలు ముడిచేవారు, మందు మింగుతున్నట్టు. నవ్వమన్నాను. నవ్వితే ఇంకా ఘోరంగా ఉంది. ఆరో రోజున ఆయన ఒక మాట అడిగారు.

"ఆ మేనేజరమ్మాయి తప్పు మాటంటేనో?"

"అప్పుడూ ఒప్పుకోవాలి."

"పూర్తిగా తప్పయితే? పని విషయంలో తప్పయితే?"

"కాగితంలో ఎక్కడైనా కాదనమని ఉందా? చదవండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని పదీ చదివారు. లేదు.

"పోనీ కాదనడానికి మర్యాదగా ఒక్క వాక్యం నేర్పు. వాడను. దగ్గరుంచుకుంటాను."

నాకు వచ్చు. మా డాక్టరుగారు అంటుంటే విన్నాను, ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్ అని, పన్ను నిలబడదని చెప్పాల్సి వచ్చినప్పుడు. నాలుక చివరిదాకా వచ్చింది. "నేర్పితే వాడేస్తారు, మీ సంగతి నాకు తెలియదూ" అన్నాను. "నో అనే ముక్క మీకెలాగూ తెలుసు. దాన్ని ఆ రోజు ఇంట్లో వదిలి వెళ్లండి." ఆయన నవ్వారు. అది మాత్రం నిజమైన నవ్వు. నామీద నమ్మకంతో నవ్విన నవ్వు.

తొమ్మిదో రోజుకి ఆయన తయారయ్యారు. నేనేమన్నా తడుముకోకుండా జవాబిచ్చేవారు. ఐ కాంట్ స్టాండ్ స్లో సాంగ్స్ అంటే, నైదర్ కెన్ ఐ. ఎంత ముచ్చటేసిందంటే అత్తగారి ముందే ఆయన భుజం తట్టాను.

పరీక్షరోజు క్లినిక్‌కి సెలవు పెట్టి వెంట వెళ్లాను. అద్దాల గది తలుపు పక్కనే బెంచీ వేశారు. తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల మేనేజరు, ముప్ఫై దాటని అమ్మాయి, మర్యాదస్తురాలు. ఆయన రాగానే లేచి నిలబడి సర్ అంది. ఇంగ్లీషు కూడా ఆయన కోసం నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడింది. నాకు సగానికి పైగా అర్థమైంది.

తనకి వానపడే రోజు పియానో వినడం ఇష్టమంది. "సో డూ ఐ" అన్నారాయన. మరీ గోలగా ఉండే పాటలు నచ్చవంది. "నైదర్ డూ ఐ." నవ్వారు కూడా. బయట నేను చీరకొంగు నలుపుతూ ప్రతి జవాబుకీ తలాడిస్తున్నాను. అయిదు నిమిషాలు గడిచాయి. గట్టెక్కేశామనుకున్నాను.

అప్పుడా అమ్మాయి లేచి గదిలో పక్కపక్కన ఉన్న రెండు పియానోల దగ్గరికి వెళ్లింది. ఒకటి ముందురోజు ఆయన శ్రుతి చేసింది. రెండోది ఫోనులో శ్రుతి చూపించే మీటరు చూస్తూ అమ్మకాల కుర్రాళ్లు చేసింది. అదంతా ఇంగ్లీషులోనే చెప్పి, ముందు దీనిమీద, తర్వాత దానిమీద ఒకే చిన్న పాట వాయించింది.

రెండోదాని మీద మూడో స్వరం దగ్గరే వణికింది. నేను విన్నాను. పెళ్లయి ఇన్నేళ్లకి ఆయన పుణ్యాన నాకు అబ్బిన సంగీతం అంతే, వణుకు తెలుసుకోవడం. పళ్ల క్లినిక్ బల్ల దగ్గర కూర్చునే నాకే వినబడింది.

"ఐ డోంట్ హియర్ ఎనీ డిఫరెన్స్" అందా అమ్మాయి. తనకి తేడా ఏమీ తెలియడం లేదని.

అద్దంలోంచి ఆయన వీపు కనబడుతోంది. కుడిచెయ్యి పైకి లేచింది, మెట్టు నొక్కి చూపించడానికి లేచినట్టు. అప్పుడాయన తల తిప్పి తలుపు సందులోంచి నావైపు చూశారు.

నేనేం చేశానో దాచకుండా చెప్తాను. తల ఊపాను. ఒప్పుకోండి, ఇంకో నాలుగు నిమిషాలే అన్నట్టు గట్టిగా ఊపాను.

చెయ్యి కిందికి దిగింది. "నైదర్ డూ ఐ" అన్నారు.

ఆ అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. అయితే ఈ పనికి మీటరు సరిపోతుందనుకుంటున్నాను అంది. "యూ ఆర్ యాబ్సల్యూట్‌లీ రైట్" అన్నారాయన. ఉచ్చారణ ఎక్కడా తడబడలేదు. నేను నేర్పినట్టే, మెత్తగా, చివర చిరునవ్వుతో అన్నారు. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంది. ఆయన సంతకం పెట్టారు.

దారంతా నేనే మాట్లాడాను. పదికి పది వస్తాయన్నాను.

వారానికి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు సంభాషణ: చాలా బాగుంది. దాని కింద ఇంకో పేరా ఉంది. శ్రుతి చేసే మనిషి అవసరం ఇకముందు లేదని, ఈ విషయంలో సదరు ఉద్యోగి కూడా మేనేజరుతో ఏకీభవించారని, కనుక ఆ ఉద్యోగం రద్దు చేస్తున్నామని. మూడుసార్లు చదివాను. అత్తగారు ఏముందమ్మాయ్ అని అడుగుతోంది. నేను ఇంకోసారి చదివాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా షాపుకి వెళ్లాను. అరవాలనే వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది.

"మావారి చెవి ఎలాంటిదో తెలుసా మీకు?" అన్నాను.

"తెలియదండీ. అందుకే అడిగాను. సంగీతం గురించి నాకేం తెలియదు, నేను ఇదివరకు చెప్పుల కంపెనీలో చేశాను. ఆ ఉద్యోగం తీసెయ్యమని పైవాళ్లు ముందునుంచీ అంటున్నారు. మీ సార్‌ని ఒకసారి అడిగి రాస్తానని నేనే ఆపాను. తేడా ఉందని ఆయన ఒక్క మాటంటే చాలు, ఉంచమని రాద్దామనుకున్నాను."

"మన భాషలో అడిగి ఉండొచ్చు కదమ్మా."

"ఆ పది నిమిషాలూ ఇంగ్లీషే మాట్లాడాలని రూలండీ." ఆమె తల దించుకుంది. "రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఒప్పుకున్నారు."

"ఇప్పుడు మార్చి రాయండి. ఆయన్ని పిలుచుకొస్తాను, మళ్లీ అడగండి."

"రద్దయిపోయిందండీ. ఆయన సంతకం ఉంది."

అరుద్దామని వెళ్లినదాన్ని, "అలాగేనండీ" అని లేచాను. అలవాటు. వీధిలోకి వచ్చాక గానీ ఆ మాట నానోటినుంచి వచ్చిందని నాకు తెలియలేదు. నామీద నాకే అసహ్యమేసింది.

ఇప్పటికి నాలుగు నెలలైంది. ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. ఒక గోడౌనులో లెక్కపెట్టే పనేదో ఉందంటే మా బావగారు అడిగి చూశారు, వాళ్లు ఇంకా కబురు పంపలేదు. పంపరని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల దగ్గర కూర్చుంటారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను ఆ అమ్మాయి చెప్పిందంతా ఆయనకి చెప్పకుండా ఈ నాలుగు నెలలూ దాచాను. నిన్న ఇక దాచలేక, కూరలు తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఒక్క 'కాదు' అని ఉంటే ఉద్యోగం నిలబడేదని చెప్పాను.

ఆయన విన్నారు.

"తప్పు నాది. తలూపింది నేను" అన్నాను.

"అవును" అన్నారు.

ఫర్వాలేదనుకున్నాను, ముక్కుసూటి మనిషి, ఉన్నమాటే అన్నారు, ఏడ్చి మోస్తాను అనుకున్నాను. కానీ ఏదో అనుమానం వచ్చింది. ఆయన నావైపు చూస్తున్నారు గానీ మొహంలో కనుబొమ్మ కూడా కదల్లేదు.

"నాది కూడా కాదులెండి. ఆ రూలు పెట్టినవాళ్లది" అన్నాను.

"అదీ నిజమే."

"అసలు ఎవరి తప్పూ కాదేమో. మన రాత."

"నిజమే."

"పోనీ, ఆ రోజు నిజంగా తేడా లేదేమో. రెండు పియానోలూ ఒకేలా ఉన్నాయేమో. నేనే వణికిందని భ్రమపడ్డానేమో." ఈ మాట అంటూ ఆయన చొక్కా పట్టుకున్నాను. కాదంటారని చూశాను. ఆ ఒక్కటీ కాదంటే చాలు, ఇంకేమీ వద్దు.

ఆయన నా చెయ్యి మెల్లగా విడిపించి, చిరునవ్వుతో, "అయ్యుండొచ్చు" అన్నారు.