కాఫీ వచ్చింది

ఆదివారం పొద్దున కందిపప్పు కడిగి కుక్కరెక్కించి, సునంద దేవుడి గదిలో పీట వేసుకుని పుస్తకం తెరిచింది. గది అంటే గది కాదు, ఫరీదాబాద్ ఫ్లాట్లలో అంత వైభోగం ఎక్కడిది! స్టోర్‌రూములో సగం డబ్బాలకి, సగం దేవుళ్ళకి. ఇంట్లో తనని ఎవరూ పిలవని చోటు అదొక్కటే.

పుస్తకం దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు నవల, యాభైల్లో అచ్చయింది. ముఖచిత్రంలో అమ్మాయి తలకి గాజుబుడగ తగిలించుకుంది గానీ ఒంటికి మాత్రం పెద్దగా ఏమీ తగిలించుకోలేదు. అందుకని సునంద దానికి కూతురి స్కూలు పుస్తకాల ఖాకీ అట్ట వేసింది. మొదటిరోజు అది చూసి అత్తగారు హనుమాయమ్మ "పారాయణమా అమ్మా?" అంది. కాదనడానికి నోరు రాలేదు. "అవునత్తయ్యా" అనేసింది.

పారాయణంలో ఉన్న మనిషిని పలకరించకూడదు, మధ్యలో లేపకూడదు. మర్నాడు మొగుడు విష్ణు "నా సాక్సెక్కడ?" అని అరిస్తే, "అది పారాయణంలో ఉందిరా, నువ్వే వెతుక్కో" అని అత్తగారే కొడుకుని గదమాయించింది. ఆ సుఖానికి సునంద ఒళ్ళు పులకరించింది. వెంటనే చెంపలు వేసుకుంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని దొంగతనం! పైగా ఆ పెద్దావిడ రోజూ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని అట్టకి కుంకుమబొట్టు పెడుతోంది. అది చూసినప్పుడల్లా సునందకి అన్నం సయించడం లేదు. అలాగని పుస్తకమూ వదలలేదు.

నవల్లో సూర్యుడు ఆరిపోతున్నాడు. పెద్దమనుషులంతా కమిటీ వేసుకుని, లోకం గడ్డకడుతుంటే కమిటీకి పేరేం పెట్టాలని తన్నుకుంటున్నారు. అచ్చం విష్ణు చెప్పే ఆఫీసు మీటింగులే. సముద్రాలు గట్టిపడ్డాయి, కమిటీకి కాఫీ వచ్చింది. పక్షులు రాలిపోయాయి, కాఫీ వచ్చింది. సునంద పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. విష్ణు కూడా పేపర్లోంచి తలెత్తకుండా "కాఫీ రాలేదేం?" అంటాడు తప్ప, పెట్టలేదేం అని ఏనాడూ అనడు. వీళ్ళ లెక్కలో కాఫీకి కాళ్ళున్నాయి కాబోలు.

అప్పుడు కుక్కరు గుర్తొచ్చి పరిగెత్తింది. స్టవ్ ఎవరో కట్టేశారు. రెండో పొయ్యి దగ్గర, వాచిన మోకాళ్ళతో నిలబడి, హనుమాయమ్మ పరమాన్నం కలుపుతోంది.

"ఇవాళ్టితో ముగింపేగా? ముగిస్తే నైవేద్యం పెట్టాలి కదుటే."

సునందకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "అది దేవుడి పుస్తకం కాదత్తయ్యా. నవల. తప్పయిపోయింది."

"తెలుసులేవే. సహస్రనామాలు చదువుతూ అంత నవ్వు ఎవరు నవ్వుతారు?" గరిటె ఆగలేదు. "నా సుందరకాండ మాత్రం ఏమిటనుకున్నావు? పుస్తకం ముందర పెట్టుకుని కునుకు తీసేదాన్ని. లేకపోతే మీ మావగారు కూర్చోనిచ్చేవారా? నా హనుమంతుడు ఒక్కనాడూ లంక చేరలేదు."

"మరి బొట్టెందుకు పెట్టారు?"

"మీ ఆయన నమ్మొద్దూ?"

సునందకి నవ్వొచ్చింది, సిగ్గేసింది. ఇన్నాళ్ళూ దేవుణ్ణి మోసం చేశానని కుమిలింది గానీ, వంటింట్లో ఈ వాచిన మోకాళ్ళు నిలబడితేనే తన చదువు సాగుతోందని తోచనే లేదు. కునుక్కి కూడా దేవుడి సాయం కావలసివచ్చిన మనిషి! స్టవ్ కట్టేసి, అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. పుస్తకం తెచ్చి, ఆఖరి అధ్యాయం తీసి తెలుగులో చెప్పబోయింది.

హాల్లోంచి విష్ణు కేకేశాడు. "కాఫీ రాలేదేం?"

సునంద అలవాటుగా సగం లేచింది. హనుమాయమ్మ "అది పారాయణం..." అనబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, మళ్ళీ కూర్చుంది. హాల్లోకి వినబడేలా గొంతు పెంచింది.

"రాదండీ, పెట్టాలి. నేను నవల చదువుకుంటున్నాను. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, మూడు గ్లాసులు పెట్టండి."