టీచరు కూడా మీతో పాటే రాస్తారు

"నువ్వు ఇక్కడిదాకే కనపడతావు" అని మా ఆయన నా మెడ కింద, ఎముక దగ్గర, చూపుడువేలితో ఒక గీత గీశాడు. మొదటి క్లాసుకి ముందు, ల్యాప్‌టాప్ కింద నా పాత నవలలు ఎత్తుగా పేర్చి కెమెరా సరిచేస్తూ అన్న మాట అది. ఆ మేరకి మంచి బట్ట వేసుకుంటే చాలు, కింద ఏం కట్టుకున్నా పర్వాలేదని దాని అర్థం. నేను నవ్వాను కూడా. పైన ఇస్త్రీ జాకెట్టు, కింద వంటింటి మరకల పావడా, సగం టీచరు సగం పనిమనిషి అని నా మీద నేనే జోకు వేసుకున్నాను. ఆ గీత కింద ఏం చేసినా ఎవరికీ కనపడదన్న సంగతి ఆయనకి ఎప్పుడు తట్టిందో నాకు తెలీదు. అంతకుముందు చెంప మీద కొట్టేవాడు. క్లాసులు మొదలయ్యాక చెంప మానేశాడు.

నేను నేర్పేది రాయడం. ఉత్తి రాయడం కాదు, రాసినదాన్ని పుస్తకం చేయించుకోవడం. ప్రచురణకర్తకి ఏం చెప్పాలి, మొదటి పేజీలోనే ఎడిటర్ని ఎలా కూర్చోబెట్టాలి, ఒప్పందంలో ఏ వాక్యం దగ్గర ఆగి మళ్ళీ చదవాలి. ఇన్నేళ్ళు నవలలు రాసి, వెనక్కి కొట్టించుకుని, చెప్పులరిగేలా తిరిగి నేర్చుకున్నదంతా సాయంత్రాలు తెర ముందు కూర్చుని ఊళ్ళవాళ్ళకి చెబుతాను. "ఎంత కావలసినవాళ్ళయినా సరే, చదవకుండా సంతకం పెట్టమంటే పెట్టకండి" అని వేలు చూపించి మరీ చెబుతాను. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. ఈ క్లాసులకి పేరు నాది, ముఖం నాది, గొంతు నాది. తాళంచెవులు మాత్రం మేనేజరు గారివి. మా ఆయన్ని నా స్టూడెంట్లు అలాగే పిలుస్తారు. ఆయన కూడా ఒకప్పుడు నవల రాశాడు, ఎవరూ అచ్చు వేయలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పుస్తకాల లోకమే కుళ్ళిపోయిందని తేల్చేసి నా నవలలకి మేనేజరయ్యాడు.

క్లాసు జరిగినంతసేపూ ల్యాప్‌టాప్ వెనకాలే నిలబడతాడు. చేతిలో తెల్లకాగితాలు, లావుపాటి మార్కరు. "నవ్వు" అని రాసి ఎత్తిపడతాడు. "తొందరగా" అని రాస్తాడు. "వాణ్ణి వదిలెయ్" అని రాస్తాడు. అవి చదువుకుంటూనే నేను పాత్రచిత్రణ గురించి మాట్లాడాలి. పక్క హాల్లో మా అత్తగారు ఇంటర్నెట్‌తో నడిచే టీవీలో సీరియల్ చూస్తూ ఉంటుంది, ఆవిడకి దాని గొంతు తగ్గించమని చెప్పే ధైర్యం మేనేజరు గారిక్కూడా లేదు.

క్లాసు అయ్యాక సమీక్ష. ఆ మాట కూడా ఆయనదే. రికార్డింగు పెట్టుకుని తను కుర్చీలో కూర్చుంటాడు, నన్ను పక్కన నిలబెడతాడు. ఎక్కడ తప్పు దొరికితే అక్కడ ఆపుతాడు. ఆపిన ప్రతిచోటా ఒకటి పడుతుంది, వీపు మీదో, డొక్కలోనో, తొడ మీదో. పోయిన క్లాసులో నా స్టూడెంటు ఒకడు, పళ్ళ డాక్టరు, తను రాసింది చదివాడు. "మా నాన్న నోరు తెరిస్తే ఇంటిల్లిపాదీ నోళ్ళు మూసుకునేవాళ్ళం, అందుకే నేను నోళ్ళు తెరిపించే ఉద్యోగం చూసుకున్నాను." నేను పక్కున నవ్వేశాను. మా ఆయన రికార్డింగుని సరిగ్గా ఆ నవ్వు మీద ఆపాడు. తెర మీద నా నోరు తెరుచుకునే ఉంది.

"అంత నవ్వేముంది అందులో?"

"వాక్యం బాగుందండీ."

"వాక్యమా, వాడా?"

ఆయన బల్లసొరుగు లాగాడు. "చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇది వింటే మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, నాకూ మండుతుంది. కానీ పెట్టకపోతే ఏం జరుగుతుందో ఆ చేతికి ఇంతకుముందే తెలుసు. నేను పెట్టింది కుడిచెయ్యి. ఆయన నింపాదిగా దాన్ని తీసేసి, "ఇది కాదులే, ఇది మనకి అన్నం పెడుతోంది" అని ఎడమచెయ్యి పెట్టించాడు. మోకాలితో ఒక్క గుద్దు గుద్ది సొరుగు మూశాడు. వేళ్ళు విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాదు. అరుపే వస్తుంది, అది నేను జాకెట్టు భుజంలో కుక్కుకున్నాను.

మా అత్తగారు మంచుముక్కలు గుడ్డలో కట్టి తెచ్చింది. ఆవిడ చెడ్డమనిషి కాదు, అదే నా ఖర్మ. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది తల్లీ" అంది, గుడ్డ నా వేళ్ళ మీద అద్దుతూ. "వాడి కోపం నీకు తెలియంది కాదు. పరాయి మగాడి ముందు పళ్ళికిలించడం దేనికి?"

"పళ్ళ డాక్టరు కదా అత్తయ్యా, చూపించాను" అన్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "మీ మామగారు చెయ్యి చేసుకుంటే మూడో కంటికి తెలియనిచ్చానా నేను? గుట్టుగా కాపురం చేసుకో" అని, గుడ్డ తడి పిండుకుని తన సీరియల్‌కి తను వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా నేను పడుకుని నా నవలల్లోని మగవాళ్ళని ఒక్కొక్కణ్ణీ గుర్తు చేసుకున్నాను. అందులో ఒక్కడు కూడా పెళ్ళాం చేతుల్లో ఏది పనికొచ్చే చెయ్యో చూసుకుని కొట్టలేదు. నాకు తోచలేదు, అంతే. నేను గొప్ప రచయిత్రినని అందరూ అంటారు.

ఇక ఈ రోజు సంగతి. మిగతా రచయితలు కూడా ఇలాంటి క్లాసులు తెరవడంతో మాకు చేరేవాళ్ళు తగ్గారు. కొన్ని నెలల కిందట మా ఆయన బుర్ర చించుకుని ఒక ప్రకటన కనిపెట్టాడు. "టీచరు కూడా మీతో పాటే రాస్తారు." వాళ్ళకి ఇచ్చిన వ్యాయామం నేనూ అప్పటికప్పుడు రాసి, అందరితో పాటు చదివి వినిపించాలి. జనం మళ్ళీ ఎగబడ్డారు. ఇలాంటిది ఇంకెవడికైనా తట్టిందా చూడు అని మా ఆయన ఇల్లంతా తిరిగాడు. ఈ రోజు పాఠం స్థలవర్ణన. మీ గదిలో మీరు ఇప్పుడు కూర్చున్నచోట, కెమెరాకి కనపడని వాటిని రాయండి, మాకు చూపించండి అన్నాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ వ్యాయామం ఇచ్చేటప్పుడు నా మనసులో ఏ ఎత్తూ లేదు. నెలనెలా ఇచ్చేదే. ఎప్పుడూ కిటికీ బయట వాన గురించో, బల్ల మీద మసిబట్ట గురించో రాసి చదివేసేదాన్ని.

స్టూడెంట్లలో కవలపిల్లల తల్లి ఒకామె ముందు చదివింది. "నా ల్యాప్‌టాప్ ఇస్త్రీబల్ల మీద ఉంది. ఎడమకాలితో ఒక ఉయ్యాల, కుడికాలితో ఇంకో ఉయ్యాల ఊపుతున్నాను. నేను శ్రద్ధగా తల ఊపుతున్నానని మేడమ్ మెచ్చుకుంటారు. ఉయ్యాలలతో పాటు ఊగుతున్నాను, అంతే." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నేర్చుకున్నాను. పళ్ళ డాక్టరు తన తెర వెనక ఒక పేషెంటు ఉందనీ, మత్తుసూది ఇచ్చి దవడ మొద్దుబారేదాకా క్లాసు వింటున్నాననీ రాశాడు. పెద్దావిడ ఒకామె ఉంది, బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి మానేసిన మనిషి. ఆవిడ రాసింది రెండే వాక్యాలు. "నా వెనక తలుపుకి లోపల గడియ వేసి ఉంది. పెళ్ళయ్యాక ఒక గదికి లోపల గడియ పెట్టుకోవడం ఇదే మొదలు."

"మరి మీరు మేడమ్?" అని అడిగింది ఆవిడే.

మా ఆయన అప్పటికే కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "కిటికీ, చెట్టు" అని ఉంది దాని మీద. నా పుస్తకంలో మాత్రం వేరే ఉంది. వాళ్ళందరూ తలలు వంచుకుని రాస్తుంటే నేనూ వంచాను, ఆయన నాకెదురుగా నిలబడి ఉండగానే ఆయన్ని రాశాను. ఎందుకు రాశానని అడిగితే చెప్పలేను. కనపడనివి రాయమన్నది నేనే, రాశాను. చదవడం మొదలుపెట్టాను.

"నా తెర వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మీరు నవ్వితే ఆయనకి సంతోషం, నేను నవ్వితే కాదు. ఈ బల్లకి ఒక సొరుగు ఉంది. అందులో పెన్నులుంటాయి, స్టేప్లరు ఉంటుంది, పోయిన క్లాసు అయ్యాక నా ఎడమచేతి వేళ్ళు ఉన్నాయి. ఇప్పుడవి నా ఒళ్ళో ఉన్నాయి, వంకాయ రంగులో."

కాగితం కిందికి దిగింది. మా ఆయన వంగి బల్లకిందకి దూరాడు. నా ఎడమచెయ్యి దొరకబుచ్చుకుని, వాచిన వేళ్ళని తడిబట్ట పిండినట్టు పిండాడు. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. నా గొంతు చీలింది, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి, అయినా చదివాను. "మీరడుగుతుంటారు, అంత నిటారుగా ఎలా కూర్చుంటారు మేడమ్ అని. కుర్చీకి వీపు ఆనిస్తే నొప్పి."

బల్లకింద నుంచి లేచి, జుట్టు చేత్తో సర్దుకుని, మా ఆయన చక్కగా నా పక్కకి వచ్చి కెమెరాలోకి వంగాడు. నవ్వుమొహం. "చూశారా? దీన్నే కల్పన అంటారు. మంచినీళ్ళు ఇద్దామని మొగుడు పక్కన నిలబడితే వాణ్ణి పట్టుకుని రాక్షసుణ్ణి చేసి పారేసింది. ఇంట్లో రచయిత్రి ఉంటే వచ్చే కష్టం ఇదేనండీ."

తెర నిండా చప్పట్ల బొమ్మలు లేచాయి. "నిజంగా ఎవరో ఉన్నారనిపించింది మేడమ్, ఏడుపు కూడా సరిగ్గా అక్కడే" అన్నాడు పళ్ళ డాక్టరు, పాపం, మనస్ఫూర్తిగానే. కవలపిల్లల తల్లి చెయ్యెత్తింది. "ఒక్క సందేహం మేడమ్. ఆవిడ ఎందుకు అరవదు? ఎదురుగా అంతమంది ఉన్నారు కదా. అక్కడ మాత్రం నాకు నమ్మకం కుదరలేదు."

ఎంతమంది స్టూడెంట్ల కాగితాల అంచుల్లో రాసి ఉంటాను ఆ మాట. ఈవిడ ఎందుకు అరవలేదు, ఎందుకు వెళ్ళిపోలేదు, పాఠకులు నమ్మరు, సరిచేయండి. నేర్పింది నేనే. ఆయన పిడికిలికంటే గట్టిగా తగిలింది నాకది. నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది, ఎంత బాగా రాశానంటే నా చావు కూడా వీళ్ళకి మంచి పేరాగ్రాఫే.

"మంచి ప్రశ్న, వచ్చే క్లాసులో మాట్లాడుకుందాం" అన్నాడు మా ఆయన. ఆయన చెయ్యి నా జుట్టు కింద మెడని పట్టుకుని ఉంది, గోళ్ళు దిగాయి. పెదవులు కదలకుండా, నవ్వు చెదరకుండా, నా చెవిలో అన్నాడు. "ఈసారి కుడిచెయ్యే." రెండో చెయ్యి నా భుజం మీదుగా చాపాడు, క్లాసు ఆపేయడానికి.

ఆ మణికట్టు నా నోటి ముందు నుంచే పోతోంది. కొరికాను. చిన్నపిల్లలు కొరికినట్టు కాదు, పళ్ళు చర్మం దాటి లోపల దేనికో తగిలేదాకా. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. ఆయన ఊళపెట్టి రెండో చేత్తో నా మొహం మీద గుద్దాడు. ముక్కులో ఏదో చిట్లింది. కెమెరా ముందే, అందరూ చూస్తుండగానే. నేను వదల్లేదు. మళ్ళీ గుద్దాడు, జుట్టు పట్టుకుని లాగాడు, కుర్చీతో సహా పక్కకి ఒరిగాను. అప్పుడు వదిలి, ల్యాప్‌టాప్‌ని రెండు చేతుల్తో గుండెకి హత్తుకున్నాను. ఎడమ వేళ్ళు ఉన్నాయో లేవో నాకు తెలీలేదు. డొక్కలో తన్నాడు. లాక్కోవాలని చూశాడు, రక్తానికి చెయ్యి జారింది. ఇంక లాభం లేదని హాల్లోకి పరిగెత్తాడు, ఇంటర్నెట్ వైరు పీకడానికి.

"ఏంట్రా ఆ రక్తం?" అని అత్తగారి గొంతు వినపడింది.

"నువ్వు పక్కకి లేమ్మా, నీ వెనకున్న వైరు పీకాలి."

"అది పీకితే నా సీరియల్ పోతుంది. ఉండరా, అయిపోవచ్చింది."

నేను నేలమీదే కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. తెర మీద ఒక్క బొమ్మ కూడా లేవడం లేదు. పళ్ళ డాక్టరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కవలపిల్లల తల్లి ఊగడం ఆగిపోయింది. ముక్కులోంచి కారేది మోచేత్తో తుడుచుకున్నాను. పోలికలు, వర్ణనలు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, అవన్నీ ఎటో పోయాయి. ఒక్క ముక్క మిగిలింది నా దగ్గర.

"ఇది కథ కాదు. ఈయన నా మొగుడు, నన్ను చంపేస్తాడు. పోలీసులకి ఫోన్ చేయండి. నా చిరునామా చెబుతున్నాను, రాసుకోండి."

తలుపు నంబరుతో మొదలుపెట్టాను. ఎన్నో అంతస్తో చెప్పాను. వీధి పేరు చెప్పాను, విడివిడిగా, నెమ్మదిగా, వెనక బెంచీవాళ్ళకి కూడా అందేలా. హాల్లో ఏదో పగిలింది, మా అత్తగారు కేకపెట్టింది. చెప్పింది మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు.